నీళ్లు నలగవన్నది ఎంత నిజం? బోరు నుంచి ముగ్గురాయి దాకా ఒక లెక్క

అనంతపురం జిల్లాలో వెయ్యి అడుగుల బోరు ఇప్పుడు ఎవరికీ వింత కాదు. అంత లోతున మోటారు దించారు, కాలమ్ పైపు నిండా నీళ్లున్నాయి అనుకుందాం. పది మీటర్ల నీటికి ఒక కేజీ ప్రెషర్ అన్నది పైపుల షాపుల్లో అందరికీ తెలిసిన లెక్కే. కేజీ అంటే ఇక్కడ చదరపు సెంటీమీటరు మీద కిలో బరువు. వెయ్యి అడుగులంటే దాదాపు 300 మీటర్లు కాబట్టి పైపు అడుగున 30 కేజీలు ఉంటుంది. ఆరు కేజీల పైపు కావాలా, పది కేజీల పైపు కావాలా అని బేరమాడేవాళ్లకు 30 కేజీలంటే ఎంతో విడిగా చెప్పక్కర్లేదు.

అంత ఒత్తిడి కింద నీళ్లకు ఏమవుతుంది? ద్రవాలను నొక్కినా కుదించుకోవు అని స్కూల్లో చదివిన మాట చాలామందికి గుర్తుంటుంది. జాకీ ఎలా లేస్తుందో చెప్పడానికి ఆ మాట సరిపోతుంది. కచ్చితంగా చూస్తే మాత్రం తప్పు. పైపులోని ఆ నీటి స్తంభం తన బరువుకు తానే సుమారు 20 సెంటీమీటర్లు కుంగి ఉంటుంది.

ఈ 20 సెంటీమీటర్లు ఎలా వచ్చాయో తెలియాలంటే ఇంటర్ ఫిజిక్సులో వచ్చే స్థూల గుణకం అర్థం కావాలి. ఇంజినీర్లు దాన్నే బల్క్ మాడ్యులస్ అంటారు. ఒక పదార్థాన్ని అన్ని వైపుల నుంచీ ఒకే ఒత్తిడితో నొక్కితే దాని ఘనపరిమాణం కొంత తగ్గుతుంది. పెంచిన ఒత్తిడిని, ఘనపరిమాణం ఎన్నో వంతు తగ్గిందో ఆ భిన్నంతో భాగిస్తే వచ్చేదే స్థూల గుణకం. భిన్నానికి యూనిట్ ఉండదు కాబట్టి గుణకం కూడా ఒత్తిడి యూనిట్లలోనే వస్తుంది. నీటికి అది 2.2 గిగాపాస్కల్స్. ఒక గిగాపాస్కల్ అంటే దాదాపు 10,200 కేజీల ప్రెషర్, కాబట్టి నీటి గుణకం కేజీల్లో 22,400 దాకా వస్తుంది. పైపు అడుగున ఉన్న 30 కేజీలను 22,400తో భాగిస్తే 0.13 శాతం. అంటే అక్కడి లీటరు నీళ్లలో 1.3 మిల్లీలీటర్లు తగ్గాయి. పైన ఒత్తిడి లేదు, అడుగున పూర్తిగా ఉంది. సగటున అందులో సగం అనుకుని 300 మీటర్లకు హెచ్చవేస్తే 20 సెంటీమీటర్లు వస్తుంది.

ఈ అంకె కనిపెట్టడం తేలిక కాలేదు. 17వ శతాబ్దంలో ఫ్లోరెన్సు పండితులు లోహపు గోళంలో నీళ్లు నింపి, మూసి, సుత్తితో కొట్టి చూశారు. నీళ్లు లోహంలోంచి చెమర్చి బయటికి వచ్చాయే తప్ప కుదించుకోలేదని తేల్చారు. దాదాపు వందేళ్ల తర్వాత, 1762లో, ఇంగ్లండులో జాన్ కాంటన్ సన్నటి మెడ ఉన్న గాజు బుడ్డిలో నీటి మట్టాన్ని గమనించి, ఒత్తిడి మారితే నీళ్లు కూడా పెరుగుతాయి, తగ్గుతాయి అని చూపించాడు. ఆయన ఇచ్చిన అంకె నేటి లెక్కకు దగ్గరగానే ఉంది. సుత్తి దెబ్బకు దొరకనిది సన్నటి గొట్టంలో దొరికింది.

ఇక్కడ ఒక గందరగోళాన్ని ముందే తీర్చుకోవాలి. గట్టిదనం వేరు, బలం వేరు, కుదించుకోకపోవడం వేరు. సైటులో కాంక్రీటు క్యూబులు పోసి 28 రోజుల తర్వాత మెషీన్లో పెట్టి పగలగొడతారు కదా, ఆ క్యూబ్ టెస్ట్ చెప్పేది బలం. ఎం25 కాంక్రీటు చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్లు తట్టుకోవాలి, అంటే 0.025 గిగాపాస్కల్స్. అదే కాంక్రీటు స్థూల గుణకం 14 గిగాపాస్కల్స్ దగ్గర ఉంటుంది. రెండింటికీ యూనిట్ ఒకటే అయినా చెప్పే సంగతి ఒకటి కాదు. మెషీన్లో పైనా కిందా మాత్రమే నొక్కుతారు, పక్కలు ఖాళీ. కాంక్రీటు పక్కలకు ఉబ్బి పగులుతుంది. అదే క్యూబును నీళ్లు చొరబడకుండా చుట్టి, చుట్టూ నూనె నింపి అంతే ఒత్తిడి పెడితే పగలదు. ఘనపరిమాణంలో 0.2 శాతం కన్నా తక్కువే తగ్గి, ఒత్తిడి తీయగానే దాదాపు పాత కొలతకు వస్తుంది.

గట్టిదనం సంగతీ అంతే. సీసాన్ని గోటితో గీరొచ్చు. క్వార్ట్జ్ గాజును కోస్తుంది. అయినా సీసం స్థూల గుణకం 46, క్వార్ట్జ్‌ది 37 గిగాపాస్కల్స్. మెత్తటి సీసాన్ని ఏ ఆకారంలోకైనా వంచొచ్చు కానీ దాని ఘనపరిమాణం తగ్గించడం క్వార్ట్జ్ కన్నా కష్టం. రబ్బరు ఇంకా విచిత్రం. లాగితే సాగుతుంది, వంచితే వంగుతుంది, కానీ అన్ని వైపులా నొక్కితే దాదాపు నీటిలాగే మొండికేస్తుంది. ఆకారం మారడం, ఘనపరిమాణం మారడం వేర్వేరు సంగతులని ఈ మూడూ చెబుతున్నాయి. మిగతా అంకెలు కొన్ని: స్టీలు 160, అల్యూమినియం 76, కాల్సైట్ 70 పైచిలుకు, వజ్రం 440 పైన.

ఇక బండల దగ్గరికి వద్దాం. కడప, కర్నూలు జిల్లాల్లో నేల బండకు, కప్పు బండకు, మెట్లకు వాడే నల్లటి కడప బండ సున్నపురాయి జాతి. బేతంచెర్ల వైపు పాలిష్ చేసే నాపరాయీ ఆ కుటుంబందే. వాటి స్థూల గుణకం లెక్కించమంటే, ముఖ్యమైన ఖనిజం కాల్సైట్ కాబట్టి 70 అని రాసేయడం సులువు. అనంతపురం వైపు గ్రానైటుకు, అందులోని ఖనిజాల సగటు తీసుకుని 50 అనొచ్చు. కానీ భూమి పైకి తీసిన ముక్కను ల్యాబులో నొక్కి చూస్తే, తక్కువ ఒత్తిడి దగ్గర ఆ అంకె రాదు. సగమే రావచ్చు, అంతకన్నా తక్కువా రావచ్చు. కారణం పగుళ్లు. కంటికి కనపడనంత సన్నటి పగుళ్లు ప్రతి బండలోనూ ఉంటాయి. మొదట నొక్కినప్పుడు మూసుకునేది ఆ పగుళ్లే, రాయి కాదు. ఒత్తిడి కొన్ని వందల కేజీల నుంచి వేల కేజీలకు చేరేసరికి పగుళ్లన్నీ మూసుకుపోతాయి, అప్పుడు అసలు ఖనిజం ఎదురు నిలుస్తుంది. ఆడమ్స్, విలియమ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1923లోనే ఈ తేడాను బండల మీద కొలిచి చూపించారు. ఎన్ని పగుళ్లున్నాయి అన్నది తేలకుండా టేబుల్‌లో చూసి తెచ్చిన అంకె బండకు వర్తించదు.

బండను పగలగొట్టకుండానే కొలిచే దారి ఒకటుంది. రాతి ముక్కకు ఒక చివర శబ్ద తరంగం పంపి, రెండో చివరకు ఎంతసేపట్లో చేరిందో చూస్తారు. నెట్టుతూ పోయే తరంగం వేగాన్ని, పక్కకు ఊపుతూ పోయే తరంగం వేగాన్ని విడివిడిగా కొలుస్తారు. మొదటి వేగం వర్గంలోంచి రెండో వేగం వర్గానికి మూడింట నాలుగు వంతులు తీసేసి, మిగిలినదాన్ని సాంద్రతతో హెచ్చవేస్తే స్థూల గుణకం. గ్రానైటు సాంద్రత ఘనపు మీటరుకు 2,650 కిలోలు, వేగాలు సెకనుకు 5,500, 3,200 మీటర్లు అనుకుంటే 44 గిగాపాస్కల్స్ వస్తుంది. నీటిలో పక్కకు ఊపే తరంగం ఉండదు కాబట్టి లెక్క ఇంకా సులువు. నీటిలో శబ్ద వేగం 1,480 మీటర్లు, దాన్ని వర్గం చేసి 1,000తో హెచ్చవేయండి. 219 కోట్ల పాస్కల్స్, మళ్లీ అదే 2.2 గిగాపాస్కల్స్. నొక్కి చూడకుండా చప్పుడు విని చెప్పిన లెక్క ఇది.

గాలి విషయంలో ఈ దారిలో న్యూటనే బోల్తా పడ్డాడు. గాలిని నెమ్మదిగా, పుట్టిన వేడి బయటికి పోయేంత సమయమిచ్చి నొక్కితే దాని స్థూల గుణకం దాని ఒత్తిడికి సరిగ్గా సమానం. ఆ అంకెతో న్యూటన్ శబ్ద వేగం లెక్కిస్తే కొలిచిన వేగం కన్నా బాగా తక్కువ వచ్చింది. శబ్దంలో నొక్కుడు వేగంగా జరుగుతుంది, వేడి పారిపోదు, గాలి 1.4 రెట్లు బిగుసుకుంటుంది అని ఫ్రెంచి శాస్త్రవేత్త లాప్లాస్ సరిచేశాడు. నీటికి ఈ తేడా ఒక శాతం లోపే ఉంటుంది కనుక పట్టించుకోనక్కర్లేదు.

గాలి గుణకం దాని ఒత్తిడికి సమానం అన్న చిన్న సంగతి చాలా దూరం పోతుంది. రెండు పదార్థాలు కలిసి ఉన్నప్పుడు, ఒక్కోదాని వంతును దాని గుణకంతో భాగించి, ఆ రెండూ కూడి, మొత్తాన్ని తలకిందులు చేస్తే మిశ్రమం గుణకం వస్తుంది. నీళ్లలో ఒక శాతం గాలి బుడగలున్నాయి అనుకోండి. గాలి గుణకం బయటి ఒత్తిడి దగ్గర, వేగంగా నొక్కినప్పుడు, 0.00014 గిగాపాస్కల్స్. లెక్క వేస్తే మిశ్రమానికి 0.014 వస్తుంది. ఒక్క శాతం గాలికి నీటి మొండితనం 150 రెట్లు పడిపోయింది! అందులో శబ్ద వేగం సెకనుకు 120 మీటర్లకు దిగుతుంది. నీటిలో 1,480, గాలిలో 340 ఉండగా, రెండూ కలిస్తే రెండింటికన్నా తక్కువ. నీటి బరువు, గాలి మెత్తదనం రెండూ ఒకేచోట చేరడం వల్ల వచ్చిన ఫలితం ఇది.

బ్రేకులో ఎయిర్ పట్టిందని మెకానిక్ అనేది దీన్నే. పెడల్ తొక్కితే మొదట లోపలికి మెత్తగా పోతుంది, ఆ తర్వాత గట్టిపడుతుంది. ఎందుకలా? తొక్కేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, బుడగ చిన్నదవుతుంది, పైగా దాని గుణకం కూడా ఒత్తిడితో పాటే పెరుగుతుంది. వంద కేజీల ప్రెషర్ దగ్గర ఆ ఒక శాతం బుడగ పదివేలలో ఒక వంతుకు తగ్గిపోతుంది, దాని ప్రభావం ద్రవం కుదింపులో రెండు మూడు శాతమే ఉంటుంది. కానీ ఈలోగా పెడల్ నేలకు తగిలి ఉంటుంది, చిక్కంతా అక్కడే. గనుల్లో పనిచేసే హైడ్రాలిక్ మెషీన్లలో గాలి చొరబడితే బకెట్ జెర్కులు ఇవ్వడానికీ ఇదే మూలం.

పొలాల్లో ఇదే లెక్క ఇంకో రూపంలో వస్తుంది. కరెంటు పోతుంది, మోటారు ఆగుతుంది, వాల్వు ధడేలుమని మూసుకుంటుంది, పైపు అదురుతుంది. కదులుతున్న నీళ్లు ఉన్నట్టుండి ఆగితే పుట్టే అదనపు ఒత్తిడి ఎంతో 1898లో రష్యన్ ఇంజినీరు జుకోవ్‌స్కీ సూత్రం ఇచ్చాడు: సాంద్రత, పైపులో తరంగ వేగం, తగ్గిన ప్రవాహ వేగం, ఈ మూడింటి లబ్ధం. నీళ్లు నిజంగానే కుదించుకోకపోతే, పైపు గోడా సాగకపోతే తరంగ వేగానికి అంతుండదు, ఆ దెబ్బకు ఏ పైపూ మిగలదు. అవి కాస్త నలుగుతాయి కాబట్టే దెబ్బకు ఒక హద్దు ఉంది. పైపు గోడ కూడా కొంచెం సాగుతుంది, తరంగాన్ని ఇంకా నెమ్మదిస్తుంది. మందమైన ఇనుప పైపులో తరంగ వేగం 1,300 మీటర్ల పైన ఉంటుంది, సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీళ్లు ఆగితే సుమారు 14 కేజీల దెబ్బ. పలుచని పీవీసీ పైపులో వేగం 300 చిల్లరకు పడిపోతుంది, దెబ్బ 3 కేజీలకు అటూఇటూ. పైపు మెత్తనైతే దెబ్బ తక్కువ. కాకపోతే తట్టుకునే బలం కూడా తక్కువే, కాబట్టి పీవీసీ కొని సంబరపడనక్కర్లేదు. ఉమ్మడి కర్నూలు జిల్లా మాల్యాల దగ్గర ఎత్తిన నీటిని అనంతపురం జిల్లా జీడిపల్లి దాకా తెచ్చే హంద్రీ-నీవా లాంటి పథకాలు రూపొందించేవాళ్లు ఈ దెబ్బను లెక్కలోకి తీసుకోకుండా పంపు డిజైన్ చేయలేరు. పెద్ద పంపింగ్ లైన్లలో సర్జ్ ట్యాంకులు, గాలి నింపిన పాత్రలు పెట్టేది ఇందుకే. బ్రేకులో శత్రువైన గాలి ఇక్కడ కాపలాదారు.

నేల లోపల సంగతి మరీ ఆసక్తికరం. బోరు వేసిన రోజు రెండించుల నీళ్లు పడ్డాయని సంతోషిస్తారు, ఒకటి రెండు ఎండాకాలాలకే అది అరించుకు వస్తుంది. దీనికి వానల కొరత, పక్కబోర్ల పోటీ వంటి కారణాలున్నాయి. సంపీడ్యత, అంటే స్థూల గుణకాన్ని తలకిందులు చేస్తే వచ్చే అంకె, చెప్పే కారణం మాత్రం తక్కువమంది మాట్లాడుకుంటారు.

పాత దిగుడు బావి నీళ్లు మొరం పొరలోవి. అక్కడ మట్టం ఒక మీటరు దిగితే రంధ్రాలు ఖాళీ అయ్యి నీళ్లు వస్తాయి. గ్రానైటు చివికిన మొరంలో ఆ వాటా ఘనపరిమాణంలో రెండు శాతం అనుకుంటే, హెక్టారు మీద మీటరు మట్టానికి 2,00,000 లీటర్లు. వెయ్యి అడుగుల లోతున గట్టి బండ కింద పగుళ్లలో ఒత్తిడితో ఉన్న నీళ్లు అలా రావు. మోటారు నడిస్తే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది కానీ పగుళ్లు ఖాళీ కావు, నిండుగానే ఉంటాయి. ఒత్తిడి తగ్గినందుకు నీళ్లు కాస్త వ్యాకోచిస్తాయి, పైబరువుకు పగుళ్లు కాస్త మూసుకుంటాయి. ఆ రెంటి మొత్తమే బయటికి వచ్చే నీరు. పగుళ్లున్న బండ సంపీడ్యత పాస్కల్‌కు వంద కోట్లలో ఒక వంతు అనుకుందాం. ఒత్తిడి ఒక మీటరు నీటి మేర తగ్గితే, ఘనపు మీటరు బండ వదిలే నీళ్లు 10 మిల్లీలీటర్లు! బండలో ఒక శాతం ఖాళీ ఉందనుకుంటే, అందులో నీటి వ్యాకోచం వాటా 0.04 మిల్లీలీటరు మాత్రమే, తక్కినదంతా పగుళ్లు మూసుకోవడం వల్ల వచ్చినది. యాభై మీటర్ల మందం పొరకు, హెక్టారుకు లెక్కేస్తే 5,000 లీటర్లు. పైన 40 ట్యాంకర్లు, కింద ఒక్క ట్యాంకర్.

బండను బట్టి ఈ సంపీడ్యత పదిరెట్లు అటూఇటూ మారుతుంది కాబట్టి 5,000 అన్నది 500 కావచ్చు, 50,000 కావచ్చు. ఏదైనా మొరం లెక్కకు దూరమే. అందుకే లోతు బోరులో ఒత్తిడి మట్టం అంత వేగంగా, అంత దూరం దిగిపోతుంది, వందల మీటర్ల అవతల ఉన్న పక్కవాళ్ల బోరుకు కూడా ఆ సెగ తగులుతుంది. ఒక లోతు బోరు ఏళ్ల తరబడి పోస్తోందంటే పగుళ్ల గుండా పై పొర నీరు దానికి చేరుతోందని అర్థం. పై పొర ఎండితే దానికీ గడువే. ఇంకా లోతుకు వేస్తే ఇంకా నిల్వ దొరుకుతుందన్న నమ్మకానికి ఈ లెక్కలో ఆధారం లేదు. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, ఉన్నవీ పైబరువుకు బిగుసుకుని ఉంటాయి.

ఇప్పటిదాకా గుణకం మారని అంకె అన్నట్టు లెక్క వేశాం. ఒత్తిడి బాగా పెరిగితే అది చెల్లదు. ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలం మంగంపేట ముగ్గురాయి అందుకు మంచి ఉదాహరణ. ప్రపంచంలోని పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఇదొకటి. ఆ పొడి ఎక్కువగా పోయేది చమురు బావులకు. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువు, సాంద్రత 4.2 దగ్గర ఉంటుంది. డ్రిల్లింగ్ మడ్‌లో (బావి తవ్వేటప్పుడు లోపల నింపే బురదలాంటి ద్రవం) కలిపితే ఆ బరువుకు లోపలి చమురు, గ్యాస్ పైకి తన్నకుండా ఉంటాయి. నీళ్లలో నాలుగో వంతు ఘనపరిమాణం ముగ్గురాయి పొడి కలిపితే సాంద్రత 1.8 వస్తుంది. అయిదు కిలోమీటర్ల లోతున ఆ మడ్ ఒత్తిడి 88 మెగాపాస్కల్స్, సుమారు 900 కేజీలు.

ఇక్కడ 2.2తో నేరుగా భాగిస్తే నీరు 4 శాతం తగ్గాలి. కానీ నొక్కేకొద్దీ నీరు ఇంకా బిగుసుకుంటుంది. ఒత్తిడి ఒక యూనిట్ పెరిగితే గుణకం దాదాపు 7 యూనిట్లు పెరుగుతుంది. దీన్ని లెక్కలోకి తెచ్చే సూత్రం 1944లో గణిత శాస్త్రవేత్త మర్నఘన్ ఇచ్చాడు. ఒత్తిడిని 7తో హెచ్చించి, మొదటి గుణకంతో భాగించి, ఒకటి కలపాలి. 88 మెగాపాస్కల్స్‌కు 1.28 వస్తుంది. దాని ఏడో మూలాన్ని తలకిందులు చేస్తే 0.965. అంటే తగ్గుదల 4 శాతం కాదు, 3.5 శాతం. బోరు లోతులో ఈ తేడా కనపడనే కనపడదు, 30 కేజీలకు సాదా భాగహారం చాలు. ముగ్గురాయి గుణకం 50 గిగాపాస్కల్స్ పైనే కనుక అది తగ్గేది 0.2 శాతం లోపే. మడ్‌లో నీరు మూడు వంతులు, రాయి ఒక వంతు కాబట్టి మొత్తం తగ్గుదల 2.7 శాతం దగ్గర తేలుతుంది. ఆ లెక్కన అడుగున సాంద్రత 1.85.

అంత లోతున వేడి కూడా ఉంటుంది. నీరు 150 డిగ్రీలకు చేరితే 8–9 శాతం వ్యాకోచిస్తుంది. ఒత్తిడి తగ్గించిన దానికన్నా వేడి పెంచినదే ఎక్కువ, కాబట్టి అలాంటి బావిలో అడుగున మడ్ 1.85 కాదు, పైన తూచిన 1.8 కన్నా కూడా తేలికవుతుంది. అందుకే వేడి బావుల్లో పైన ట్యాంకులో తూచిన ఒక్క అంకెను లోతుతో హెచ్చించి వదిలేయరు. బావిని చిన్న చిన్న ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్క ఒత్తిడికీ వేడికీ తగిన సాంద్రత తీసుకుని, పైనుంచి అడుగు దాకా కూడుకుంటూ వెళతారు.